ఛార్జర్ దగ్గర 5 వోల్టులు సరే, బోర్డు దగ్గర ఎంత?

ప్రశ్న: అన్నా, మాది అల్లూరు మండలం. ఈసీఈ చదివాను. మా నాయనకు నాలుగు రొయ్యల గుంటలున్నాయి. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే ఫోన్‌కి మెసేజ్ రావాలని, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే ఆన్ కావాలని ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో ఒక పెట్టె తయారుచేశాను. దాంట్లో మెసేజ్ పంపే సిమ్800ఎల్ జీఎస్ఎం మాడ్యూల్, ఆక్సిజన్ సెన్సార్, ఏరేటర్లను ఆన్, ఆఫ్ చేసే నాలుగు రిలేల బోర్డు ఉన్నాయి. ఇంట్లో టేబుల్ మీద లాప్‌టాప్‌కి తగిలిస్తే మూడు రోజులు ఆగకుండా పనిచేసింది. గుంట దగ్గర పెడితే మాత్రం మెసేజ్ పంపబోయేసరికి బోర్డు రీస్టార్ట్ అవుతోంది. ‘బ్రౌనౌట్ డిటెక్టర్ ట్రిగ్గర్ అయింది’ అని, అంటే వోల్టేజీ పడిపోయిందని చూపిస్తోంది. వాడింది 5 వోల్టులు, 2 ఆంపియర్ల ఫోన్ ఛార్జర్. షెడ్డు నుంచి పెట్టె దాకా 3 మీటర్ల యూఎస్‌బీ కేబుల్. జీఎస్ఎం మాడ్యూల్‌కి 5 వోల్టులు ఎక్కువని బోర్డు మీది 5 వోల్టుల పిన్ను నుంచి ఒక 1ఎన్4007 డయోడ్ పెట్టి ఇచ్చాను. మల్టీమీటర్‌తో ఛార్జర్ చూస్తే 5.1 ఉంది. రెండు బోర్డులు మార్చాను. నెట్‌లో చూసి బ్రౌనౌట్‌ని ఆపేసే లైను కోడ్‌లో పెట్టాను. ఇప్పుడు ఆ మాట రావడం లేదు గానీ బోర్డు మధ్యలో బిగుసుకుపోతోంది. 65 వాట్ల ఛార్జర్ కొనమంటావా? మా నాయనేమో ‘ఈ బొమ్మలెందుకురా, రాత్రికి మనిషిని పెట్టుకుందాం’ అంటున్నాడు.

సమాధానం: తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. ముందు ఒక సంగతి. తీసేసిన ఆ రెండు బోర్డులు పారేయలేదు కదా? దాచిపెట్టుకో. అవి బాగానే ఉండి ఉంటాయి. జబ్బు బోర్డులో లేదు, నీ కోడ్‌లోనూ లేదు. ఛార్జర్‌కీ బోర్డుకీ మధ్య ఉన్న దారిలో ఉంది.

చదవడం ఆపి అయినా సరే, ముందు ఈ పని చెయ్: కోడ్‌లో పెట్టిన ఆ బ్రౌనౌట్ లైను తీసెయ్. ఈఎస్‌పీ32 చిప్పుకి 3.3 వోల్టులు కావాలి. మామూలు సెట్టింగులో అది సుమారు 2.4 దాకా పడిపోతే చిప్పు తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. ఎందుకంటే ఆ వోల్టేజీలో అది చదివే లెక్క, ఫ్లాష్ మెమరీలో రాసే రాత, ఏదీ నమ్మకం కాదు. నువ్వు చేసిందేమిటంటే, జ్వరం తగ్గించకుండా థర్మామీటర్ పగలగొట్టావు. జ్వరం అలాగే ఉంది. ఇప్పుడు బోర్డు రీస్టార్ట్ కాకుండా బిగుసుకుపోవడమే అందుకు సాక్ష్యం. రీస్టార్ట్ అయితే కనీసం పది సెకన్లలో మళ్లీ లేచి పనిలో పడుతుంది. రాత్రి రెండింటికి బిగుసుకుపోయిన బోర్డుని లేపేదెవరు?

ఇక అసలు విషయం. మల్టీమీటర్‌తో 5.1 చూశానన్నావు. ఎక్కడ చూశావు? ఛార్జర్ దగ్గర. అప్పుడు బోర్డు ఏ పనిలో ఉంది? బహుశా ఖాళీగా ఉంది. పెన్నా డెల్టా వాడివి, నీకు కాలువల సంగతి నేను చెప్పాలా? కనిగిరి రిజర్వాయర్ నిండుగా ఉందని పేపర్లో చదివి చివరి భూముల రైతు నారు పోసుకోడు. (కనిగిరి ఊరివాళ్లు కంగారు పడొద్దు, ఈ రిజర్వాయర్ ఉన్నది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర.) మధ్యలో పూడిక, గండ్లు, పైవాళ్లు పెట్టుకున్న మోటార్లు, ఇవన్నీ దాటి తన మడిలోకి ఎంత వచ్చిందనేదే అతనికి లెక్క. అదీ అందరూ ఒక్కసారి తూములు ఎత్తిన రోజు ఎంత వచ్చిందనేది. నీ బోర్డు చివరి మడి.

ఆ దారిని ఒక్కొక్క అడుగూ చూద్దాం. సన్నటి యూఎస్‌బీ కేబుళ్లలో కరెంటు పోయే వైరు తరచు 28 గేజీది ఉంటుంది. దాని రెసిస్టెన్స్ మీటరుకి దాదాపు 0.21 ఓములు. నీది 3 మీటర్లు, పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, వెరసి 6 మీటర్లు. అంటే సుమారు 1.3 ఓములు. చూడ్డానికి ఎంతో చిన్న అంకె. ఇప్పుడు దాంట్లో కరెంటు పారించు. ఈఎస్‌పీ32 వైఫై పంపేటప్పుడు 300 మిల్లీఆంపియర్లు లాగిందనుకో, కేబుల్‌లోనే 0.4 వోల్టు పోయింది. నాలుగు రిలేలూ ఆన్‌లో ఉంటే, 5 వోల్టుల నీలం రంగు రిలే ఒక్కోటి 70 మిల్లీఆంపియర్ల చొప్పున మరో 280. ఇంకో 0.36 వోల్టు పోయింది. 5.1తో బయల్దేరింది 4.3 దగ్గరకు వచ్చేసింది. ఆ తర్వాత బోర్డు మీద యూఎస్‌బీ పక్కనే ఒక షాట్‌కీ డయోడ్ ఉంటుంది, అది 0.3 తింటుంది. మిగిలింది 4.0. చాలా బోర్డుల మీద ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ 3.3 ఇవ్వాలంటే దాని ముందు కనీసం 1.1 వోల్టు ఎక్కువ ఉండాలి, అంటే 4.4 కావాలి. మనం ఇంకా జీఎస్ఎం మాడ్యూల్ దాకా రానేలేదు, అప్పుడే అప్పులో పడ్డాం.

ఇక ఆ సిమ్800ఎల్. అసలు దొంగ ఇదే. దీనికి 3.4 నుంచి 4.4 వోల్టులు కావాలి, 4.0 దగ్గర సుఖంగా ఉంటుంది. మామూలుగా కూర్చున్నప్పుడు పెద్దగా ఏమీ తినదు. టవర్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం ఒక్కో విడతకి 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. విడత అంటే ఎంత? 577 మైక్రోసెకన్లు. ప్రతి 4.6 మిల్లీసెకన్లకీ ఒకసారి. పాత రేడియో పక్కన ఫోన్ పెడితే మెసేజ్ వచ్చే ముందు ‘టిట్ టిట్ టిట్’ మని వినిపించేది గుర్తుందా? ఆ చప్పుడు ఈ విడతలదే. 2 ఆంపియర్లు, 1.3 ఓములు, గుణించు. 2.6 వోల్టులు ఒక్క కేబుల్‌లోనే పోతాయి. పైగా ఆ కరెంటంతా బోర్డు మీది చిన్న షాట్‌కీ డయోడ్‌లోంచి, నీ 1ఎన్4007లోంచి పోవాలి. రెండో దాని శక్తి 1 ఆంపియరే.

మరి మల్టీమీటర్‌కి ఇదెందుకు కనపడదు? అది సెకనుకి రెండు మూడుసార్లు మాత్రమే అంకె మారుస్తుంది, మధ్యలో జరిగిందంతా కలిపి సగటు చూపిస్తుంది. ఎనిమిది వంతుల్లో ఒక వంతు సమయం మాత్రమే వోల్టేజీ పాతాళానికి పోయి వస్తే, సగటులో అది చిన్న తరుగులా కనిపిస్తుంది, అంతే. నీకు 4.7 కనపడినప్పుడు లోపల 3 కూడా ఉండొచ్చు. ఆసిలోస్కోప్ ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. నీ దగ్గర ఉండదు, చాలాకాలం నా దగ్గరా లేదు.

స్కోప్ లేకుండా తేల్చే పద్ధతి చెప్తా. ఎలక్ట్రానిక్స్ షాపులో 10 ఓములు, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ అడుగు. తెల్లగా, సుద్దముక్కలా ఉంటుంది. బోర్డు తీసేసి, కేబుల్ చివర ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య దాన్ని తగిలించు. 5 వోల్టులకి అది అర ఆంపియర్ లాగుతుంది, విడతలు విడతలుగా కాదు, నిలకడగా. నిలకడగా లాగేదాన్ని మల్టీమీటర్ నిజాయితీగా చూపిస్తుంది. ఇప్పుడు ఛార్జర్ దగ్గర ఒకసారి, రెసిస్టర్ కాళ్ల దగ్గర ఒకసారి కొలువు. నా లెక్క నిజమైతే రెసిస్టర్ దగ్గర 4.4, 4.5 మధ్యలో కనపడాలి. ఛార్జర్ దగ్గర కూడా బాగా పడిపోతే ఛార్జర్ కూడా దొంగే. ఛార్జర్ దగ్గర నిలబడి చివర పడిపోతే కేబుల్. ఎక్కువసేపు ఉంచకు, చేత్తో ముట్టుకోకు, అది రెండు వాట్ల దాకా వేడి కక్కుతుంది. నేను మొదటిసారి ప్లాస్టిక్ టేబుల్ క్లాత్ మీద పెట్టాను. ఆ మచ్చ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది.

ఇంట్లో మూడు రోజులు పనిచేసింది కదా అనే ప్రశ్న నీ బుర్రలో తిరుగుతూ ఉంటుంది. ఇంట్లో లాప్‌టాప్ కేబుల్ పొట్టిగా ఉంటుంది, సగం సమాధానం అదే. రెండో సగం చాలామందికి తట్టదు. జీఎస్ఎం మాడ్యూల్ టవర్‌కి దగ్గరగా ఉంటే మెల్లగా మాట్లాడుతుంది, దూరంగా ఉంటే గొంతు చించుకుంటుంది. ఊళ్లో సిగ్నల్ నిండుగా ఉన్నప్పుడు టవరే దాన్ని శక్తి తగ్గించుకోమంటుంది. సముద్రం వైపు గుంటల దగ్గర సిగ్నల్ రెండు గీతలకు దిగితే అది పూర్తి బలంతో పంపాలి. ఆ 2 ఆంపియర్లు అక్కడే పుడతాయి. కాబట్టి పెట్టె లోపల చుట్టచుట్టి పెట్టిన స్ప్రింగ్ యాంటెనా తీసేసి, పెట్టె బయట ఎత్తులో నిలబడే యాంటెనా పెడితే సప్లై మీద భారం కూడా తగ్గుతుంది. రేకు పెట్టె లోపల యాంటెనా ఉంచావంటే నేను చేయగలిగిందేమీ లేదు.

65 వాట్ల ఛార్జర్ కొనకు. ఫోన్‌కీ ఛార్జర్‌కీ మధ్య ఒక మాటామంతీ జరిగిన తర్వాతే అది 9 వోల్టులకో, 15కో, 20కో ఎక్కుతుంది. నీ బోర్డుకి ఆ భాష రాదు. కాబట్టి దానికి ఆ ఛార్జర్ ఎప్పటిలాగే 5 వోల్టులు, ఏ రెండో మూడో ఆంపియర్లు ఇస్తుంది. కేబుల్ అదే అయితే చివర్లో వచ్చేదీ అదే.

‘పెద్ద కెపాసిటర్ పెట్టు, అదే సర్దుకుంటుంది’ అని కూడా ఎవరో చెప్పే ఉంటారు. సగం నిజం. లెక్క వెయ్యి. 2 ఆంపియర్లు 577 మైక్రోసెకన్ల పాటు ఒక్క 1000 మైక్రోఫారడ్ కెపాసిటరే మోయాలంటే, దాని వోల్టేజీ 1.15 పడిపోతుంది. 4.1 కాస్తా 2.95. మాడ్యూల్ పడిపోయినట్టే. కెపాసిటర్ అంటే ఇంటి మీద నీళ్ల ట్యాంకు లాంటిది. పైపులో నీళ్లు సరిగా వస్తుంటే ఉదయం హడావిడి గట్టెక్కిస్తుంది. పైపే సన్నంగా ఉంటే ట్యాంకు ఎంత పెద్దదైనా ఏదో ఒక పూట ఖాళీ అవుతుంది. కెపాసిటర్ పెట్టాలి, కానీ పైపు బాగుచేసిన తర్వాత పెట్టాలి.

సరే, ఏం చెయ్యాలి? షెడ్డు నుంచి పెట్టె దాకా 5 వోల్టులు పంపడం మానెయ్. 12 వోల్టులు పంపు, పెట్టె లోపలే బక్ కన్వర్టర్‌తో తగ్గించుకో. మాడ్యూల్ విడతలో తినేది 4 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు, అంటే 8 వాట్లు. అదే 8 వాట్లు 12 వోల్టుల మీద వస్తే, కన్వర్టర్ నష్టం కలుపుకున్నా 0.8 ఆంపియరే. వైరులో కరెంటు సగానికి సగం తగ్గింది, నష్టమూ తగ్గింది. ఇంకా మంచి సంగతి, 12 బయల్దేరి 10.5 చేరినా బక్ కన్వర్టర్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దానికి అవతల 4.1 ఇవ్వడానికి కావలసినంత జాగా ఉంది. యూఎస్‌బీ కేబుల్ తీసేసి, ఇంటి వైరింగ్‌కి వాడే 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వెయ్యి. అది మీటరుకి 0.02 ఓము కూడా ఉండదు. 6 మీటర్లకీ కలిపి నీ పాత కేబుల్‌లో పన్నెండో వంతు.

పెట్టెలో రెండు ఎల్ఎం2596 బక్ కన్వర్టర్లు పెట్టు. ఒకటి ఈఎస్‌పీ32, సెన్సార్లకి 5 వోల్టులు. రెండోది ఒక్క జీఎస్ఎంకే, 4.1 వోల్టులు. ఒకళ్ల ఆకలి ఇంకొకళ్ల కంచంలో చెయ్యి పెట్టకూడదు. రిలే బోర్డుని 12 వోల్టుల కాయిల్ ఉన్నదిగా మార్చు. అవి ఒక్కోటి 30 మిల్లీఆంపియర్లతో సరిపెట్టుకుంటాయి, నేరుగా 12 మీదే పనిచేస్తాయి, 5 వోల్టుల జోలికే రావు. అన్నిటి మైనస్ వైర్లూ 12 వోల్టులు పెట్టె లోపలికి వచ్చేచోట ఒకే స్క్రూ దగ్గర కలపాలి. ఒక దాని మైనస్ ఇంకోదాని మీదుగా తిప్పితే ఇక్కడ కుదుపు అక్కడ కనపడుతుంది. ఏరేటర్ ఆన్ కాగానే ఆక్సిజన్ అంకె ఎగిరిపడుతోందని అనిపించినప్పుడల్లా ముందు సెన్సార్‌ని కాదు, ఈ మైనస్ వైరుని చూడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. బక్ కన్వర్టర్ మీద చిన్న ఇత్తడి స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే వోల్టేజీ మారుతుంది. కొత్తది విప్పగానే అది ఎంత మీద ఉందో దేవుడికే తెలుసు. 12 వోల్టులు ఇచ్చి, అవతల ఏమీ తగిలించకుండా, మీటర్ చూస్తూ తిప్పి 4.1కి తెచ్చి, ఆ స్క్రూ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేసిన తర్వాతే మాడ్యూల్ తగిలించు. స్క్రూ ఇరవై పాతిక చుట్లు తిరుగుతుంది, మొదట పది చుట్లకీ అంకె కదలకపోవచ్చు, పాడైందనుకోకు. నేను ఒకసారి తొందరలో కొలవకుండా తగిలించాను. మాడ్యూల్ మీద దీపం ఒక్క క్షణం మహా కాంతిగా వెలిగింది. అదే దాని ఆఖరి వెలుగు.

ఇప్పుడు కెపాసిటర్: జీఎస్ఎం మాడ్యూల్ పిన్నుల దగ్గరే, వేలెడు దూరం లోపల, 1000 మైక్రోఫారడ్, 16 వోల్టులది, లో ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్స్ తక్కువ ఉండేది) అని అడిగి తెచ్చుకో. దాని పక్కన 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి. తెల్ల గీత ఉన్న కాలు మైనస్. తిరగేస్తే ఉబ్బి పేలుతుంది. బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు గుంట దగ్గరకు తీసుకురావద్దు. 2 ఆంపియర్లు పోయే దారిలో ఆ సన్నటి పిన్నులు ఇంకో యూఎస్‌బీ కేబులంత చెరుపు చేస్తాయి. కరెంటు పోయే ప్రతి కలయికా సోల్డర్ చెయ్యాలి.

సోల్డర్ అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, మన తీరం గాలి. ఉప్పు తేమ రాగి వైరుకి నెలలోనే పచ్చగా చిలుము పట్టిస్తుంది. చిలుము పట్టిన స్క్రూ టెర్మినల్ బయటికి బిగుతుగానే ఉంటుంది, లోపల రెసిస్టెన్స్ పెరిగిపోతూ ఉంటుంది. మైపాడు వైపు ఒక గుంట దగ్గర ఇలాంటిదే చూశాను. రెండు నెలలు నిక్షేపంగా పనిచేసిన పెట్టె మూడో నెలలో రోజుకి నాలుగుసార్లు రీస్టార్ట్ అయ్యేది. వైరు పీకి చూస్తే తోలు లోపల నాలుగంగుళాల దాకా నల్లగా మాడినట్టు ఉంది. చివర ఆరంగుళాలు కోసేసి, కొత్త వైరు తేల్చి, తగరం పూత పెట్టిన రాగి లగ్గులు ఒత్తి బిగిస్తే జబ్బు పోయింది. పెట్టెకి వైర్లు కింది వైపు నుంచే దూరాలి, పై నుంచి కాదు. వాన నీళ్లు వైరు వెంబడే నడిచొస్తాయి. సరిచూసుకున్నాక బోర్డు మీద తేమ తగలకుండా కాపాడే కన్ఫార్మల్ కోటింగ్ స్ప్రే కొట్టు, సిమ్ పెట్టే చోటా, పిన్నుల మీదా టేపు వేసి.

వేడి గురించి కూడా ఒక ముక్క, ఎందుకంటే ఈ జవాబు ప్రకాశం వాళ్లూ చదువుతారు. కొండపి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో వేడి చూసే పెట్టె ఒకటి ఇలాగే సతాయించింది. క్యూరింగ్ చివర్లో ఈనెలు ఆరే వేళకి లోపల 70 డిగ్రీల దాకా పోతుంది. సెన్సార్‌తో పాటు బోర్డునీ సప్లైనీ లోపలి గోడకే బిగించారు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకీ సగమవుతుందని లెక్క. ఆ కెపాసిటర్ తల గుమ్మడికాయలా ఉబ్బింది. సెన్సార్ లోపల ఉండాలి, బోర్డు బయట నీడన ఉండాలి. నీ పెట్టె కూడా గట్టు మీద రేకు కప్పు కింద ఎండలో ఉంటే దాన్ని నీడకు మార్చు. పనిలో పని, బోర్డు మీది 5 వోల్టుల పిన్నుకి నేరుగా 12 ఇవ్వొచ్చని ఎవరైనా చెప్తే వినకు. ఆ చిన్న రెగ్యులేటర్ మిగతా 8.7 వోల్టులనీ వేడిగా మార్చాలి, పావు ఆంపియర్‌కే రెండు వాట్లు దాటుతుంది. వేడెక్కుతుంది, ఆగుతుంది, చల్లారుతుంది, మళ్లీ లేస్తుంది. ఆ రీస్టార్ట్‌లు పట్టుకోవడం ఇంకా కష్టం.

ఇంతా చేశాక కూడా మెసేజ్ పంపినప్పుడు కాకుండా, ఏరేటర్ స్టార్టర్ పడేటప్పుడో విడిచేటప్పుడో మాత్రమే రీస్టార్ట్ అయితే అది వేరే జబ్బు. బోర్డు మొదలవగానే రీసెట్ కారణం అడిగి మెమరీలో రాసిపెట్టే నాలుగు లైన్లు కోడ్‌లో పెట్టు. ఈఎస్‌పీ32 అది చెప్తుంది: బ్రౌనౌటా, కోడ్‌ని కాపలా కాసే వాచ్‌డాగా, మామూలు పవర్ ఆనా అని. బ్రౌనౌట్ అంటే సప్లై ఇంకా చాలడం లేదు. అది కాకుండా ఇంకేదో చూపిస్తూ, అదీ కాంటాక్టర్ (ఏరేటర్ మోటారుకి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) కదిలినప్పుడే అయితే, కాంటాక్టర్ కాయిల్ విడిచేటప్పుడు కొట్టే విద్యుత్ దెబ్బ నీ వైర్లలోకి దూకుతోందని అర్థం. కాయిల్ రెండు కాళ్ల మధ్య ఆ దెబ్బని మింగే ఆర్‌సీ స్నబ్బర్ పెట్టించు. 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ కలిపి రెడీమేడ్‌గా దొరుకుతుంది, కాయిల్ వోల్టేజీకి తగినది చూసుకోవాలి. మోటారు వైర్లూ సెన్సార్ వైర్లూ ఒకే పైపులో పోనివ్వకు. కాంటాక్టర్ ప్యానెల్ మాత్రం నువ్వు విప్పొద్దు. అక్కడున్నది త్రీఫేజ్, నువ్వు నిలబడేది తడి గట్టు. మెయిన్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌తో చేయించు.

అదే ప్యానెల్‌లో ఇంకో పని కూడా చేయించు, నా దృష్టిలో ఈ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైనది ఇది. రిలేలో మామూలుగా కలిసి ఉండే కాంటాక్టు నుంచి ఏరేటర్ కాంటాక్టర్‌కి వైరు తీయించు. అప్పుడు రిలే ఆన్ అయితేనే ఏరేటర్ ఆగుతుంది. బోర్డు చచ్చినా, రీస్టార్ట్ అయినా, నీ కోడ్ బిగుసుకుపోయినా ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. నువ్వు ఇప్పుడు చేసింది దీనికి తిరగేసి అయి ఉంటుంది: బోర్డు ఆగితే ఏరేటర్లూ ఆగుతాయి. చేత్తో వేసే స్విచ్ కూడా పక్కనే ఉండాలి.

దీనికి జోడుగా 12 వోల్టులు, 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి. యూపీఎస్‌లలో వాడేదే. దాన్ని 13.5, 13.8 మధ్య నిలిపి ఛార్జ్ చేసే ఛార్జర్ షెడ్డులో ఉంటుంది, పెట్టెకి 12 వోల్టులు బ్యాటరీ నుంచే పోతాయి, మధ్యలో ఒక ఫ్యూజు. ఎందుకో ఆలోచించు. పగలు నీళ్లలోని పాచి ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ తినేస్తుంది. తెల్లవారుజామున అది అన్నిటికంటే అడుగున ఉంటుంది. వనామీ రొయ్యకి అది 4 పీపీఎం కిందికి పోకూడదు. ఆ వేళ కరెంటు పోయిందనుకో, ఏరేటర్లన్నీ ఆగుతాయి, జనరేటర్ వేసే మనిషి నిద్రలో ఉంటాడు. నీ పెట్టె మెసేజ్ పంపాల్సింది సరిగ్గా అప్పుడే. ఫోన్ ఛార్జర్ మీద బతికే పెట్టె కరెంటుతో పాటే చచ్చిపోతుంది. అది మెసేజ్ పంపదు, అందరూ ‘మెసేజ్ రాలేదు కాబట్టి అంతా బాగుంది’ అనుకుంటారు. బ్యాటరీ ఉంటే ‘కరెంటు పోయింది’ అనే మెసేజ్ కూడా అదే పంపుతుంది, దానికి కరెంటు ఉందో లేదో ఈఎస్‌పీ32కి చెప్పే ఒక ఆప్టోకప్లర్ బోర్డు చాలు. జనరేటర్ ఎక్కి దిగేటప్పుడు వచ్చే కుదుపులు కూడా బ్యాటరీ అవతలే ఆగిపోతాయి. మరీ కిందికి, 11 వోల్టుల దిగువకి పోకముందే ఆపే కటాఫ్ పెట్టు, లేకపోతే ఏడాదికొక బ్యాటరీ కొంటావు.

చిన్న సంగతులు రెండు. సిమ్800ఎల్ 2జీ మీదే నడుస్తుంది, కాబట్టి జియో సిమ్ దాంట్లో పనిచేయదు. రేపు 4జీ మాడ్యూల్‌కి మారినా ఈ సప్లైనే ఉంచుకో, వాటి ఆకలి కూడా విడతలో 2 ఆంపియర్ల దగ్గరే ఉంటుంది. ఇక, బోర్డు అసలు లేవనే లేవకపోతే దాన్ని సప్లై మీదకు నెట్టే ముందు 12వ నంబరు జీపీఐఓ పిన్నుకి ఏమైనా తగిలించావేమో చూడు. మొదలయ్యేటప్పుడు ఆ పిన్ను మీద 3.3 వోల్టులు ఉంటే చిప్పు ఫ్లాష్‌కి 1.8 వోల్టులే ఇస్తుంది, బోర్డు మూగదవుతుంది. దానికి ఎంత మంచి సప్లై పెట్టినా మాట రాదు.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడే పాఠకులు కూడా ఇదే బాధ రాస్తుంటారు. వాళ్లకి పని సులువు. 4.63 వోల్టుల కిందికి పోగానే తెర మూల మెరుపు గుర్తు కనపడుతుంది. ఆ గుర్తు వస్తే ముందు కేబుల్, తర్వాత ఛార్జర్, ఆ తర్వాతే మిగతావి.

సామాన్లు నెల్లూరులో దొరికినంత వరకు తీసుకో. మిగతావాటికి పొద్దున రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మొత్తం ఖర్చు నువ్వు మార్చిన రెండు బోర్డులకంటే ఎక్కువే అవుతుంది, బ్యాటరీ ఉంది కదా. అన్నీ ఒకేరోజు బిగించకు. మొదట ఒక్క ఈఎస్‌పీ32, ఒక రాత్రి. తర్వాత జీఎస్ఎం కలిపి, గంటకొక మెసేజ్ పంపేలా పెట్టి, ఇంకో రాత్రి. తర్వాత కాంటాక్టర్లు తగిలించకుండా ఒట్టి రిలేలు కలిపి, టకటక మోగనిచ్చి. చివర్లో కాంటాక్టర్లు. ఎక్కడ పడిపోతే అక్కడే ఆగి ఆ ఒక్కటే చూడు.

మీ నాయన మాటలో తప్పులేదు. ఒక పంట మొత్తం ఈ పెట్టె ఒక్కసారి కూడా మధ్యలో పడకుండా నడిచేదాకా రాత్రికి మనిషి ఉండాల్సిందే. ఆ మనిషి ఫోన్ నంబరు కూడా మెసేజ్ పోయే జాబితాలో పెట్టు.

ఇప్పుడు ఆ సిమెంట్ రెసిస్టర్ తెచ్చి, పాత కేబుల్ మీదే కొలిచి, ఛార్జర్ దగ్గర ఎంత, చివర ఎంత, రెండు అంకెలూ రాసి పంపు. నా 4.4 లెక్క తప్పయితే చెప్పు, మళ్లీ కూర్చుందాం.